పడుకున్న మనిషికి కూర్చున్న ఊపిరితిత్తులు

"డాక్టరమ్మ పంపితే వచ్చావా, పోలీసులు పంపితే వచ్చావా? ముందది చెప్పు."

సైకిల్ షాపు షట్టరు సగమే లేపి ఉంది. దాని కింద నుంచి నడుం వంచి లోపలికి దూరిన నన్ను ఆవిడ కూర్చోమనలేదు. ఒక చేతిలో గాలి పోయిన ట్యూబు, ఇంకో చేతిలో గరుకు కాగితం. పంక్చరు వేస్తోంది. మొగుడు పోయి రెండు వారాలే అయింది. షాపు మాత్రం మూతపడలేదు.

"డాక్టరమ్మ తరఫున," అన్నాను.

"అయితే వచ్చిన దారినే పో."

"పోతానమ్మా. పొమ్మనిపించుకోవడం నాకు కొత్త కాదు. పోలీసు ఉద్యోగం చేసి మానేసినవాణ్ణి, ఇప్పుడు ప్రైవేటు డిటెక్టివ్‌ని. మీ ఆయన ఎందుకు పోయాడో తెలుసుకునే పోతాను."

"తెలుసుకునేదేముంది? ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డ ఉంటే లేదని రాసిచ్చింది ఆ మహాతల్లి. ఆవిడ ఆ బొమ్మని కళ్ళు పెట్టుకుని చూసిందా, మోకాళ్ళు పెట్టుకుని చూసిందా అడిగి రా."

ఏడుపు కోపంగా వస్తున్నప్పుడు మధ్యలో దూరితే తన్నులు తినాలి.

"నిచ్చెన మీంచి పడి తొడ ఎముక విరిగింది. అంతే కదా! ఎముక విరిగినవాడు చస్తాడా ఎక్కడైనా? షుగరు తగ్గాక ఆపరేషన్ చేస్తామని కాలికి బరువులు కట్టి పడుకోబెట్టారు. పడుకునే వెళ్ళాడు, పడుకునే వచ్చాడు. స్కాన్ తీసే గదికి కూడా మంచంతో సహా తోసుకుపోయారు. ఊపిరాడట్లేదురా నాయనా, ఒక్కసారి లేపి కూర్చోబెట్టండి అని కాళ్ళావేళ్ళా పడ్డాను. రెండో దిండు పెట్టబోతే నర్సు నా మీదకి ఇంతెత్తున లేచింది."

"ఆయన బట్టలూ, వస్తువులూ?"

"చేరిన రోజే అన్నీ విప్పి సంచీలో వేసి నా మొహాన కొట్టారు. ఆసుపత్రి గౌను తొడిగారు. దానికి జేబులు లేవు. ‘నా పెన్సిలు ఎక్కడ పెట్టుకోనే’ అన్నాడు పిచ్చి మారాజు. చెవిలో పెట్టుకోమన్నాను." ట్యూబు మీద గరుకు కాగితం గట్టిగా రుద్దింది. చిల్లు పెద్దదైంది. "ఇక నడు. డాక్టరమ్మకి నా శాపనార్థాలు చెప్పు."

షట్టరు కింద నుంచి బయటికి వచ్చాను. ఆవిడ చెప్పినవాటిలో రెండు మాటలు నాకు అవసరమైనవి. అవేంటో అప్పటికి నాకూ తెలియదు.

కేసు ఇంతే. సైకిల్ షాపాయనకి వార్డులో ఉన్నట్టుండి ఊపిరి అందలేదు. కాలి నరంలో కట్టిన గడ్డ జారి ఊపిరితిత్తుల్లో అడ్డం పడి ఉంటుందని అనుమానించారు. కిడ్నీలు బలహీనం కాబట్టి మందు ఎక్కించి తీసే మామూలు స్కాన్ కుదరదన్నారు. మరో రకం స్కాన్ తీశారు. నా క్లయింటు, అంటే స్కాన్లు చదివే డాక్టరమ్మ, ‘గడ్డ లేదు’ అని రాసింది. గడ్డ లేదు కదా అని రక్తం పలచబరిచే ఇంజక్షన్ ఆపేశారు. మర్నాడు పొద్దున మనిషి పోయాడు. కోసి చూస్తే రెండు వైపులా గడ్డలే.

ఆసుపత్రివాళ్ళు ఆవిడ్ని సస్పెండ్ చేశారు. ఇవాళ పన్నెండింటికి అరెస్టు చేస్తామని పోలీసులు కబురు పెట్టారు. ఆపైన లైసెన్సు పోతుంది, జైలు వస్తుంది, పేపర్లో ఫొటో పడుతుంది. ఇరవై ఏళ్ళు వేల ఊపిరితిత్తులు చదివిన మనిషి ఒక్క జత దగ్గర ఖాళీ అయిపోతుంది.

ఈ కేసు చూస్తున్న ఇన్‌స్పెక్టరు ఎవరో కాదు, నా తోడల్లుడు. మామగారి పెద్ద కూతుర్ని నేను, చిన్న కూతుర్ని అతనూ చేసుకున్నాం. నన్ను డిపార్ట్‌మెంట్ నుంచి సాగనంపిన రిపోర్టు మీద ఉన్న సంతకం అతనిదే. అయినా కుటుంబ ఫంక్షన్లలో ఒకే సోఫాలో కూర్చుని ఫొటోలు దిగుతాం. ఈ మధ్య, అతని స్టేషన్ లాకప్‌లో ఒకడు చచ్చిపోయి విచారణ మొదలయ్యాక, అతనికి ఛాతీలో ఏదో నలతగా ఉందని మా మరదలు ఫోన్ చేసి మా ఆవిడ దగ్గర బావురుమంది. నాకు జాలి పుట్టలేదు. దాని గురించి మా ఆవిడ నాతో రెండు రోజులు మాట్లాడలేదు.

డాక్టరమ్మ స్కాన్ విభాగం వరండాలో అట్టపెట్టె పట్టుకుని నిలబడి ఉంది. సొంత వస్తువులు తీసుకెళ్ళడానికి ఆసుపత్రివాళ్ళు ఆవిడకి ఒక గంట టైమిచ్చారు. మెడలో ఐడీ కార్డు లేదు. వాచ్‌మన్ ఆవిడ్ని చూసి కుర్చీలోంచి లేవబోయి, ఏదో గుర్తొచ్చినట్టు మళ్ళీ కూర్చున్నాడు.

"ఆలస్యం చేశారు," అంది.

"ఆవిడ మీకు శాపనార్థాలు పంపింది. మోసుకొచ్చేసరికి లేటైంది."

నవ్వలేదు. పెట్టెలోంచి పెద్ద ప్రింటు తీసి కిటికీ అద్దానికి ఆనించి పట్టుకుంది. లాయరు అడిగితే ఆసుపత్రి ఇచ్చిన కాపీ అది. ఆవిడ దగ్గర మిగిలిన సాక్ష్యం అదొక్కటే.

"చూడండి. పై వరస గాలి బొమ్మలు. పేషెంటు చేత కొద్దిగా మెరిసే గాలి పీలిపిస్తాం. ఊపిరితిత్తుల్లో గాలి ఎక్కడెక్కడికి వెళ్తుందో కనిపిస్తుంది. కింది వరస రక్తం బొమ్మలు. చేతి నరంలోకి సూది వేస్తే రక్తం వెళ్ళిన చోటల్లా మెరుస్తుంది, ఆ మెరుపు ప్రింటులో నల్లగా పడుతుంది. గాలి వెళ్ళి రక్తం వెళ్ళని చోటు ఉంటే అక్కడ గడ్డ అడ్డం పడిందని అర్థం. కింది బొమ్మకి చిల్లు పడ్డట్టుంటుంది."

"ఇందులో చిల్లుందా?"

"లేదు! అదే నా ఖర్మ. పదిహేను రోజులుగా దీన్ని చూస్తున్నా. పొద్దున లేవగానే చూస్తా, అన్నం ముందు పెట్టుకుని చూస్తా. ఇప్పుడు మళ్ళీ నా ముందు పెట్టినా గడ్డ లేదనే రాస్తాను. లోపల గడ్డలున్నాయని కోసినవాళ్ళు చెబుతున్నారు. అంటే నాకు చూడ్డం రాదన్నమాట. ఇన్నేళ్ళూ ఎంతమందికి ఎలా రాశానో ఏంటో." ఒక చేత్తో కళ్ళు నులుముకుంది. "జైలుకి భయపడట్లేదు సార్. నా కళ్ళంటే భయమేస్తోంది."

ప్రింటు దగ్గరికి జరిగాను. నాకు ఊపిరితిత్తుల గురించి ఏమీ తెలియదు. తెలియనివాడికి ఉన్న ఒకే ఒక్క సుఖం, సిగ్గు లేకుండా అడగొచ్చు.

"ఈ పైభాగం వెలిసిపోయినట్టుందేంటి? కింద నల్లగా, దట్టంగా ఉంది."

"అది మామూలే. సూది వేసేటప్పుడు మనిషి కూర్చుని ఉంటే రక్తం బరువుకి కిందికి దిగుతుంది. పైభాగానికి తక్కువ అందుతుంది. రోగం కాదు. ఊపిరాడనివాళ్ళు చాలామంది పడుకోలేరు, కూర్చోబెట్టే వేస్తాం. అందుకే అలాంటిది కనిపించినా మా కళ్ళు పట్టించుకోవు."

"పడుకోబెట్టి వేస్తే?"

"పైనా కిందా సమానంగా ఉంటుంది."

"డాక్టరుగారూ, సైకిల్ షాపాయన కాలికి బరువులు వేలాడుతున్నాయి. చేరిన రోజు నుంచి పోయిన రోజు దాకా నడుం ఎత్తలేదు. స్కాన్‌కి మంచంతో తోసుకొచ్చారు. రెండో దిండు కూడా పెట్టనివ్వలేదట."

ఆవిడ ప్రింటు మీంచి చూపు తిప్పి నన్ను చూసింది.

"ఆయన కూర్చోలేదా?" అంది చాలా నెమ్మదిగా.

"కూర్చోలేదు."

"అయితే ఇవి ఆయనవి కావు." ఆ మాట అన్నాక అద్దానికి తల ఆనించి కళ్ళు మూసుకుంది. రెండు వారాల్లో మొదటిసారి ఆ మనిషి ఊపిరి పీల్చినట్టనిపించింది. తర్వాత కోపం వచ్చింది. తన మీదే. "మనిషిని చూడను సార్ నేను. ఆ చీకటి గదిలో కూర్చుని బొమ్మే చూస్తాను. ఒక్కసారి వార్డుకి వెళ్ళుంటే! రెండంతస్తుల పైనే ఉన్నాడు కదా ఆయన!"

"ఇంకోటి. ఎదురుగా తీసిన బొమ్మలో ఎడమ రొమ్ము మీద ఈ గుండ్రటి మచ్చేంటి?"

"ఒంటిమీద లోహం ఏదైనా ఉంటే ఆ మెరుపుని అడ్డుకుంటుంది. వెనక నుంచి తీసినదాంట్లో లేదు చూడండి. అంటే ఊపిరితిత్తిలోది కాదు, ముందువైపు జేబులోది. నాణెమో లాకెట్టో అనుకుని వదిలేశాను."

"ఆసుపత్రి గౌనుకి జేబు లేదు."

"లేదు," అంది. ఈసారి ఆవిడ కళ్ళు నా కంటే ముందు పరిగెత్తాయి. వేళ్ళతో మచ్చని కొలిచింది, ప్రింటు అంచున ఉన్న స్కేలుతో పోల్చింది. "ఆరు సెంటీమీటర్లు దగ్గర దగ్గర. ఇంత పెద్ద నాణెం లేదు."

ఆరు సెంటీమీటర్లు. నా చెయ్యి దానంతటదే నా చొక్కా జేబు మీదకి వెళ్ళింది.

మా మామగారు గడియారాలు బాగుచేసేవారు. రిటైరయ్యే ముందు పాత యంత్రాలు రెండు తీసి, వాటికి ఇత్తడి తొడుగులు సొంతంగా పోతపోసి, ఇద్దరల్లుళ్ళకీ చెరో జేబు గడియారం ఇచ్చారు. వెడల్పు చిన్న సాసరంత. బరువుకి జేబు కిందికి వేలాడుతుంది. చూసినవాళ్ళు నవ్వుతారు. పెద్దాయన మనసు కష్టపెట్టలేక నేను మోస్తున్నాను. నా తోడల్లుడు మాత్రం దర్జా కోసం మోస్తున్నాడు. అలాంటివి ఈ లోకంలో రెండే ఉన్నాయి.

నోటిదాకా వచ్చిన మాట మింగేశాను. ముందు రుజువు కావాలి.

"స్కాన్ గది చూపించండి," అన్నాను.

గదిలో చల్లగా ఉంది. మధ్యలో సన్నటి బల్ల, దానికి పైనా కిందా రెండు చదునైన పలకల్లాంటి కెమెరాలు, గోడవార ఒక ఇనప కుర్చీ. టెక్నీషియన్ మమ్మల్ని చూడగానే లేచి నిలబడ్డాడు. ముప్పై దాటిన మనిషి, కానీ నిలబడ్డ తీరు క్లాసులో దొరికిపోయినవాడిలా ఉంది.

"ఆ రోజు ఈ స్కాన్ ఎంతమందికి తీశావు?" అడిగాను.

"ఇద్దరికి సార్."

"రెండో మనిషెవరు?"

"పేషెంట్ల వివరాలు చెప్పకూడదు సార్. రూలు."

"మంచి రూలు. కాలికి బరువులున్నాయన్ని ఆ కుర్చీలో కూర్చోబెట్టి సూది వేశావా?"

"లేదు సార్. బల్ల మీదే, పడుకోబెట్టి."

"మరి ఆయన పేరున్న బొమ్మలో మనిషి కూర్చుని ఉన్నాడేంటి?"

నీళ్ళు నమిలాడు. "మెషీన్లో పేరు మేమే టైపు చేస్తాం సార్... ఒక్కోసారి ఒకరిది తెరిచి ఉండగా ఇంకొకరు..."

"పొరపాటున మారిందంటావు."

"పొరపాటే సార్!" మునిగేవాడికి చెయ్యి దొరికినట్టు పట్టుకున్నాడు ఆ మాటని.

"పొరపాటైతే, మర్నాడు మనిషి పోయాడని తెలిశాక ఎందుకు చెప్పలేదు?" ఇది డాక్టరమ్మ. గొంతు పెంచలేదు. "పదిహేను రోజులు నేను నా కళ్ళని తిట్టుకుంటుంటే ఈ పక్క గదిలో కూర్చుని టీ తాగుతున్నావు కదా నువ్వు. ఆ రోజు చిల్లులు పడ్డ బొమ్మ ఒకటి చదివాను. గడ్డలున్నాయని రాశాను. అది సైకిల్ షాపాయనది. ఎవరి పేరు పెట్టావు దానికి?"

"మీరు చదివినప్పుడు పేరు చూడలేదా?" అన్నాను ఆవిడతో.

ఆవిడ మొహం చిన్నబోయింది. "చూడను. స్క్రీన్ మీద పేరుండే చోట కాగితం ముక్క అంటించి చదువుతాను. తెలిసినవాళ్ళ పేరో, పెద్దవాళ్ళ పేరో కనిపిస్తే కన్ను మొగ్గుతుందని మా గురువుగారు నేర్పారు. ఎవరికీ పక్షపాతం చెయ్యకూడదని ఇన్నేళ్ళూ అలాగే చదివాను. బాగా బుద్ధొచ్చింది."

కంప్యూటర్లో వెతుకుదామంటే ఆవిడ పాస్‌వర్డు తీసేశారు. టెక్నీషియన్‌ని తెరవమంటే, పాత స్కాన్లన్నీ ఇన్‌స్పెక్టరుగారు సీలు వేయించారన్నాడు. నా తోడల్లుడు ఇంత శ్రద్ధగా పనిచెయ్యడం నేనెన్నడూ చూడలేదు.

జేబులోంచి గడియారం తీసి బల్ల మీద పెట్టాను. టెక్నీషియన్ దాన్ని చూసి ఒక అడుగు వెనక్కి వేశాడు. నాకు సగం జవాబు అక్కడే దొరికింది.

"ఇది ఆ మచ్చో కాదో తేల్చే ఉపాయం ఉందా?" అడిగాను.

"ఉంది," అంది డాక్టరమ్మ. "రోజూ మొదటి పేషెంటు రాకముందు కెమెరా సరిగ్గా చూస్తోందో లేదో పరీక్షిస్తాం. దానికి అంతటా ఒకేలా మెరిసే పలక ఒకటుంటుంది. పలకకీ కెమెరాకీ మధ్య మీ గడియారం పెడితే చాలు." టెక్నీషియన్ వైపు తిరిగింది. "నేను ముట్టుకోకూడదు. నువ్వే పెట్టు."

అతను బీరువాలోంచి పలక తెచ్చాడు. స్క్రీన్ మీద ముందు నల్లటి చీకటి, తర్వాత ఇసుక చల్లినట్టు చుక్కలు. ఒక్కొక్కటే చేరి స్క్రీను నిండుతోంది, మధ్యలో మాత్రం గుండ్రంగా ఒక చోటు నిండడం లేదు. డాక్టరమ్మ ప్రింటు తెచ్చి పక్కన పెట్టింది. అదే గుండ్రం. అదే వెడల్పు.

వెనక తలుపు తెరుచుకుంది.

"అన్నగారు ఇక్కడున్నారా? ఎక్కడ శవం ఉంటే అక్కడ వాలతారు కదా." నా తోడల్లుడు యూనిఫాంలో లోపలికి వచ్చాడు. రుమాలుతో పెదవులు తుడుచుకుని, డాక్టరమ్మ వైపు చూసి, ఎడమ జేబులోంచి ఇత్తడి గడియారం తీసి మూత తెరిచాడు. "పన్నెండవడానికి ఇంకా పావుగంట ఉంది మేడమ్. ఇంట్లో ఎవరికైనా చెప్పుకోవాలంటే చెప్పుకోండి."

ముగ్గురం అతని చేతిలో ఉన్నదాన్నే చూస్తున్నాం. అతను మా చూపు పట్టుకుని స్క్రీన్ వైపు తిరిగాడు, బల్ల మీద ఉన్న నా గడియారం చూశాడు. తెలివైనవాడు. అర్థమవడానికి ఎక్కువసేపు పట్టలేదు.

"నువ్వు బయటికెళ్ళి జీపులో కూర్చో," అన్నాడు టెక్నీషియన్‌తో. అతను దాదాపు పరిగెత్తాడు. తోడల్లుడు తలుపు గడియ పెట్టాడు.

"తమ్ముడూ," అన్నాను, "సూది వేసేటప్పుడు పడుకోమంటే పడుకోలేదు. గడియారం తియ్యమంటే తియ్యలేదు. ఇన్‌స్పెక్టరుకి ఎవరు చెబుతారు? మామగారి గడియారం నీ ఛాతీ మీద సంతకం పెట్టేసింది."

"ఇత్తడి బిళ్ళ ఎవడి జేబులోనైనా ఉండొచ్చు."

"ఉండొచ్చు. స్కాన్ల సీలు తీయించి ఆ రోజు రెండో పేరేంటో చూద్దాం పద."

"ఎవరు తీస్తారు? నువ్వా? నీకు వార్డు గేటు దగ్గర ఆగే హోదా కూడా లేదు."

"నీ హోదాకేం లోటు! లాకప్‌లో చచ్చిపోయిన మనిషి గురించి విచారణకి పిలిస్తే వెళ్ళలేనంత జబ్బు. ఆడమనిషిని అరెస్టు చెయ్యడానికి మాత్రం చక్కగా రాగలిగే జబ్బు. ఊపిరితిత్తుల్లో గడ్డ ఉంది, ఒత్తిడి పనికిరాదు అని సర్టిఫికెట్ పెట్టి వాయిదా తెచ్చుకున్నావు. ఆ గడ్డ ఎవడిది?"

అతను నవ్వాడు. ఆ నవ్వు నాకు తెలుసు. సాక్షి లేని గదుల్లోనే వస్తుంది.

"అయితే ఏంటి? వాడు నాకు చిన్న సాయం చేశాడు. సైకిల్ షాపోణ్ణి నేను చంపమన్నానా? డాక్టర్లున్నారు, వార్డుంది, నర్సులున్నారు. ఒక్క బొమ్మ తేడా వస్తే ఇంతమంది ఉండీ మనిషిని కాపాడలేకపోయారంటే అది నా తప్పా? ఈ మాట నువ్వు బయట చెబితే, పగబట్టిన తోడల్లుడి కట్టుకథ అంటారు. ఈవిడ చెబితే జైలు తప్పించుకోడానికి అంటారు. చెప్పుకోండి."

నాకు ఒళ్ళు మండిపోయింది. అంతకంటే మంట, అతను చెప్పింది నిజం కావడం.

డాక్టరమ్మ మాత్రం కోప్పడలేదు. ఆవిడ అతని మాటలు వినడం లేదు. అతన్ని చదువుతోంది.

"రుమాలు మీద రక్తమేంటి?" అంది.

"పంటి చిగురు."

"ఆ చొక్కా చెయ్యి పైకి లాగండి." అతను లాగకపోతే ఆవిడే లాగింది. మణికట్టు నుంచి మోచేతి దాకా ఊదారంగు మచ్చలు. "తలనొప్పి ఉందా? ఎప్పటినుంచి?"

"రాత్రి జీపు డోరు తలకి తగిలింది. అయినా మీకెందుకు?"

"రక్తం పలచబడే మాత్రలు ఇచ్చారు కదా మీకు. వేసుకుంటున్నారా?"

"నాకేం రోగమని వేసుకుంటాను? ఏ రోజువి ఆ రోజు చెత్తబుట్టలో పడేస్తున్నా."

ఆవిడ నా వైపు చూసింది. నేను ఫోన్ తీశాను. మా మరదలు మొదటి రింగుకే ఎత్తింది. స్పీకరు పెట్టాను.

"అమ్మాయ్, మీ ఆయన మాత్రలు సరిగ్గా వేసుకుంటున్నాడా?"

"ఎక్కడ బావా! మొండిఘటం. పారేస్తాడు." గొంతు తగ్గించింది. "ఆయనకి చెప్పనని ఒట్టెయ్యండి. నేను వాటిని ఏరి తెచ్చి, పొడి కొట్టి పాలల్లో కలిపేస్తున్నా. చాలకపోతే షాపులో కొంటున్నా. ఒకటి రాస్తే రెండేస్తున్నా బావా, గడ్డ తొందరగా కరగాలని. పిల్లలు చిన్నవాళ్ళు కదా. ఆయనకేమన్నా అయితే నేను బతకను."

నేను ఫోన్‌ని అరచేత్తో మూశాను. తోడల్లుడు ఫోన్ వైపు నోరు తెరుచుకుని చూస్తున్నాడు. గడియారం జేబులో పెట్టుకోబోయాడు. చెయ్యి జేబు పక్కకి వెళ్ళింది. మళ్ళీ ప్రయత్నించాడు. మళ్ళీ పక్కకే.

డాక్టరమ్మ అతని భుజం పట్టి ఇనప కుర్చీలో కూర్చోబెట్టింది. "వినండి. మీకు తల లోపల రక్తం కారుతోంది. వెంటనే విరుగుడు పడాలి. కానీ రికార్డులో మీ ఊపిరితిత్తుల్లో గడ్డలున్నాయి. గడ్డలున్న మనిషికి విరుగుడు ఇవ్వాలంటే ఎమర్జెన్సీ డాక్టరు జంకుతాడు, పెద్దవాళ్ళకి ఫోన్ చేస్తాడు, ఆలోచిస్తాడు. అంత టైమ్ మీకు లేదు. నేను చెబుతాను, కానీ నా మాట ఈ ఆసుపత్రిలో చెల్లదు. చెల్లకుండా చేసింది మీరే. ఆ బొమ్మ మీది కాదని మీ నోటితో మీరే చెప్పాలి."

"చెబితే..." అతని ఎడమ పెదవి మాటతో పాటు కదల్లేదు. "నా ఉద్యోగం..."

"చెప్పండి!"

నా తోడల్లుడు ఆవిడ్ని చూశాడు. నన్ను చూశాడు. ఎన్నో ఏళ్ళ తర్వాత ఆ కళ్ళల్లో దర్పం లేదు, ఉత్త భయం ఉంది. చెప్పడానికే నోరు తెరిచాడని ఇప్పటికీ నమ్ముతాను. వచ్చినవి మాటలు కావు. నాలుక మడతపడి, ముద్దముద్దగా, దేనికీ అర్థం లేని శబ్దాలు. అతనికీ అది వినిపించింది. కళ్ళమ్మట నీళ్ళు కారాయి.

డాక్టరమ్మ గడియ తీసి వరండాలోకి అరిచింది. "స్ట్రెచర్! త్వరగా!" మళ్ళీ నా వైపు తిరిగింది. మొహం పాలిపోయి ఉంది. "నన్ను ఇందులోంచి బయటపడేసే నోరు అదొక్కటే సార్. ఈయన బతకాలి. ఈయన ఒప్పుకున్న మాట మీరూ విన్నారు. పదండి, ఎమర్జెన్సీలో చెప్పండి. సొంత తోడల్లుడి మీద చెబుతారా?"

"చెబుతాను," అన్నాను. నమ్ముతారో లేదో తెలియదు. నమ్మితే అతను బతుకుతాడు, బతికి జైలుకి వెళ్తాడు. మా మరదలు జన్మలో నా మొహం చూడదు. నమ్మకపోతే అతను పోతాడు, డాక్టరమ్మ తప్పు చెయ్యలేదని చెప్పేవాళ్ళే ఉండరు.

స్ట్రెచర్ చక్రాల చప్పుడు దగ్గరికొస్తోంది. నా చేతిలో ఫోన్ ఇంకా మాట్లాడుతూనే ఉంది.

"బావా? ఉన్నారా? ఏంటా గోల? సరేలెండి, ఆయన భోజనానికి వచ్చే వేళైంది. పాలు కాగాయి. ఇవాళ్టివి రెండూ కలిపి ఉంచెయ్యనా?"